కాపీ చేశా కదా అన్నయ్యా!

శనివారం రాత్రి పదకొండున్నరకి ఫోన్ మోగింది. మా పిన్ని కొడుకు. కాకినాడలో బీటెక్ ఫైనలియర్. వాడు మామూలుగా ఫోన్ చెయ్యడు, వాయిస్ మెసేజ్ పెడతాడు. ఆ టైమ్‌లో ఫోన్ చేశాడంటే ఏదో అయ్యిందన్నమాటే.

"అన్నయ్యా, ల్యాప్‌టాప్ లేవట్లేదు. సోమవారం పొద్దున్నే ప్రాజెక్ట్ రివ్యూ."

"కోడ్ గిట్‌హబ్‌లో ఉందా?"

కాసేపు అటు నుంచి మాట లేదు. నాకు అర్థమైపోయింది.

జరిగిందేంటంటే, అప్‌డేట్ పడుతుండగా బ్యాటరీ అయిపోయింది. ఛార్జర్ పక్క రూమ్‌వాడు పట్టుకెళ్లాడు. తర్వాత ఆన్ చేస్తే నీలం తెర, రీస్టార్ట్, మళ్లీ నీలం తెర. సాయంత్రం ఊళ్లో ఒక రిపేరు షాపుకి తీసుకెళ్తే "ఫార్మాట్ కొట్టాలి, డేటా పోతుంది, పదిహేను వందలు" అన్నారట. డేటా కోసమే వెళ్లినవాడికి ఆ మాట చెప్తే ఏం చేస్తాడు? వెనక్కి తెచ్చేసుకున్నాడు. నాలుగు నెలల కోడ్, డాక్యుమెంటేషన్, తనతో పాటు ఇంకో ముగ్గురి కష్టం, అన్నీ ఆ ఒక్క ల్యాప్‌టాప్‌లోనే ఉన్నాయి.

"పెన్‌డ్రైవ్ నుంచి లైనక్స్ బూట్ చేస్తే లోపలి ఫైల్స్ తీసుకోవచ్చు కదరా" అన్నాను.

"అదే చేశానన్నయ్యా. లైనక్స్ మింట్ ఐఎస్ఓ ఫైల్ ఫోన్‌లో డౌన్‌లోడ్ చేశా. ఓటీజీ పెట్టి పెన్‌డ్రైవ్‌లోకి పంపించా. ల్యాప్‌టాప్‌కి పెడితే అసలు పట్టించుకోవట్లేదు. పెన్‌డ్రైవ్ పాడైందేమో."

"పంపించడమంటే? కాపీ చేశావా?"

"ఆ, కాపీ చేశా కదా అన్నయ్యా!"

పెన్‌డ్రైవ్ శుభ్రంగానే ఉంది. తేడా అంతా ఆ ‘కాపీ’లో ఉంది. మీలో చాలామంది ఎప్పుడో ఒకప్పుడు ఇదే పని చేసి, ఇలాగే పెన్‌డ్రైవ్‌ని తిట్టుకుని ఉంటారు. అందుకే ఈ వారం దీని గురించే.

ఆన్ చేసిన మొదటి రెండు సెకన్లు

పవర్ బటన్ నొక్కిన క్షణంలో మీ కంప్యూటర్‌కి విండోస్ తెలీదు, లైనక్స్ తెలీదు, మీ పేరసలే తెలీదు. ఆపరేటింగ్ సిస్టమ్ డిస్క్‌లో ఉంటుంది. దాన్ని డిస్క్ నుంచి తీసి నడపాలంటే ఒక ప్రోగ్రామ్ కావాలి. ఆ ప్రోగ్రామ్‌ని నడపడానికి ఇంకోటి కావాలి. తన బూటు పట్టీలు తనే పట్టుకుని తనని తాను పైకి లేపుకోవడం లాంటి పని ఇది. ఇంగ్లీషులో ఆ పట్టీలని బూట్‌స్ట్రాప్ అంటారు. మనం వాడే ‘బూట్’ అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే.

ఈ చిక్కుముడి విప్పడానికి మదర్‌బోర్డు మీద ఒక చిన్న చిప్‌లో చిన్న ప్రోగ్రామ్ పెడతారు. 1981లో వచ్చిన ఐబీఎం పీసీ కాలం నుంచి దాన్ని బయోస్ అనేవారు. ఇప్పటి ల్యాప్‌టాప్‌లలో ఉండేది దాని తర్వాతి తరం, యూఈఎఫ్ఐ. రెండింటి ఉద్యోగం ఒకటే. డిస్క్‌లోనో, పెన్‌డ్రైవ్‌లోనో ఆపరేటింగ్ సిస్టమ్‌ని మొదలుపెట్టే ఫైల్ ఎక్కడుందో కనిపెట్టి, దాన్ని నడిపించి, పక్కకి తప్పుకోవడం.

అయితే వీటికి పెద్ద తెలివి లేదు. డ్రైవ్ మొత్తం గాలించవు. చెప్పిన చోట మాత్రమే చూస్తాయి.

పాత బయోస్ చూసేది డ్రైవ్‌లో మొట్టమొదటి 512 బైట్లు. ఈ పేరాలో ఉన్న అక్షరాలు కూడా అందులో పట్టవు, అంత చిన్న చోటు. దాన్నే మాస్టర్ బూట్ రికార్డ్, ఎంబీఆర్ అంటారు. 1983లో పీసీ డాస్ 2.0తో వచ్చింది. అందులో 446 బైట్లు బూట్ కోడ్‌కి, 64 బైట్లు పార్టిషన్ టేబుల్‌కి, చివరి 2 బైట్లు ‘ఇది నిజమైన బూట్ రికార్డే’ అని చెప్పే గుర్తుకి. ఒక్కో పార్టిషన్ వివరాలకి 16 బైట్లు. అంటే 64లో నాలుగే పడతాయి. ప్రైమరీ పార్టిషన్లు నాలుగుకి మించి ఎందుకు కుదరవు అని ల్యాబ్‌లో వైవాలో అడుగుతారు చూడండి, దానికి జవాబు ఈ చిన్న లెక్కే. 2 టీబీ దాటిన డిస్క్‌ని ఎంబీఆర్ పూర్తిగా వాడుకోలేకపోవడానికి కారణం కూడా ఇలాంటిదే. పార్టిషన్ ఎక్కడ మొదలైంది, ఎంత పొడుగుంది అన్న అంకెలు రాసుకోవడానికి దానికి ఉన్నది 32 బిట్ల చోటే.

యూఈఎఫ్ఐ పద్ధతి వేరు. దాని కోసం జీపీటీ అనే కొత్త పార్టిషన్ టేబుల్ వచ్చింది. విండోస్‌లో ఇందులో 128 పార్టిషన్ల దాకా పెట్టుకోవచ్చు. డిస్క్ చివర్లో టేబుల్‌కి ఇంకో నకలు కూడా ఉంటుంది. మొదటిది చెడిపోతే అది ఆదుకుంటుంది. యూఈఎఫ్ఐ ముందు పార్టిషన్ టేబుల్ చదువుతుంది. అందులో ఫ్యాట్ ఫైల్ సిస్టమ్ ఉన్న పార్టిషన్‌ని వెతుకుతుంది. పెన్‌డ్రైవ్ అయితే ఆ పార్టిషన్‌లో ‘ఈఎఫ్ఐ’ అనే ఫోల్డర్, దాని లోపల ‘బూట్’ అనే ఫోల్డర్, దాని లోపల ‘బూట్ఎక్స్64’ అనే ఫైల్ ఉందా అని చూస్తుంది. ఉంటే నడుపుతుంది. లేకపోతే తర్వాతి డ్రైవ్‌కి వెళ్లిపోతుంది.

కొత్తగా చేరిన వాచ్‌మన్‌ని ఊహించుకోండి. గేటు దగ్గర బోర్డు మీద ఫ్లాట్ల లిస్టు చూసి, చెప్పిన ఫ్లాట్‌కి వెళ్లి తలుపు కొడతాడు. బోర్డు మీద లేని మనిషి అతని లెక్కలో ఆ బిల్డింగ్‌లో లేనట్టే. పార్టిషన్ టేబుల్ ఆ బోర్డు.

ఇప్పుడు మావాడి పెన్‌డ్రైవ్ చూద్దాం. అందులో ఒకటే పార్టిషన్. దాంట్లో దాదాపు 3 జీబీల ఒకే ఒక్క ఐఎస్ఓ ఫైల్. యూఈఎఫ్ఐ వచ్చింది, పార్టిషన్ తెరిచింది, ‘ఈఎఫ్ఐ’ ఫోల్డర్ లేదు, వెళ్లిపోయింది. దాని దృష్టిలో ఆ ఐఎస్ఓ ఫైల్‌కీ, మనం దాచుకున్న సినిమాకీ తేడా లేదు.

ఐఎస్ఓ అంటే ఒక డిస్క్ మొత్తానికి తీసిన అచ్చు. ఫైల్స్ ఒక్కటే కాదు, అవి ఏ వరసలో, ఏ చోట ఉండాలో కూడా అందులో ఉంటుంది. లైనక్స్ ఐఎస్ఓలలో ఇంకో తమాషా ఉంది. ఐఎస్ఓ 9660 అనేది మొదట్లో సీడీల కోసం చేసిన పద్ధతి. అందులో మొదటి 32 కేబీలు ఖాళీగా వదిలేయాలని రాసుకున్నారు. లైనక్స్ వాళ్లు తర్వాత ఆ ఖాళీ జాగాలోకి పార్టిషన్ టేబుల్‌ని చేర్చేశారు. దాంతో అదే ఫైల్ సీడీలోకి రాస్తే సీడీలా, పెన్‌డ్రైవ్‌లోకి రాస్తే హార్డ్‌డిస్క్‌లా బూట్ అవుతుంది. దీన్ని హైబ్రిడ్ ఐఎస్ఓ అంటారు.

కానీ ఒక షరతు. ఆ అచ్చుని పెన్‌డ్రైవ్ మొదటి బైట్ నుంచి ఉన్నదున్నట్టు దించాలి. అప్పుడే దాని పార్టిషన్ టేబుల్ పెన్‌డ్రైవ్ పార్టిషన్ టేబుల్ అవుతుంది. ఫైల్‌గా కాపీ చేస్తే ఆ టేబుల్ ఫైల్ కడుపులోనే ఉండిపోతుంది. గేటుకి తగిలించాల్సిన బోర్డుని ఇంట్లో బీరువాలో దాచినట్టు.

కంప్యూటర్ లేకుండా బూట్ పెన్‌డ్రైవ్

మామూలుగా ఈ పని ఇంకో కంప్యూటర్‌లో రూఫస్ లాంటి ఉచిత సాఫ్ట్‌వేర్‌తో చేస్తాం. కానీ అర్ధరాత్రి మావాడి చేతిలో ఉన్నవి ఒక ఆండ్రాయిడ్ ఫోన్, ఓటీజీ, 32 జీబీ పెన్‌డ్రైవ్. హాస్టల్లో అందరూ ఇళ్లకి వెళ్లిపోయారు. వాడి రూమ్‌మేట్ ఆదివారం మధ్యాహ్నానికి గానీ రాడు.

ఫోన్ చాలు. ఎచ్‌డ్రాయిడ్ అని ఒక ఓపెన్ సోర్స్ యాప్ ఉంది. ఫోన్ రూట్ చెయ్యక్కర్లేదు. ఐఎస్ఓని ఓటీజీ ద్వారా పెన్‌డ్రైవ్ మొదటి బైట్ నుంచి రాసేస్తుంది. లైనక్స్ హైబ్రిడ్ ఐఎస్ఓలకి బాగా పనికొస్తుంది. విండోస్ ఐఎస్ఓకి ఈ దారి పనికిరాదు. ఎందుకంటే విండోస్ ఐఎస్ఓలో ఆ మొదటి 32 కేబీల్లో పార్టిషన్ టేబుల్ ఉండదు.

"ఆగు. పెన్‌డ్రైవ్‌లో ఏమున్నాయి?" అన్నాను.

"ఏం లేవన్నయ్యా. పాత జెరాక్స్‌లు."

"ఏం లేవు అనే ముందు ఓసారి తెరిచి చూడు."

చూశాడు. పదో తరగతి మార్కుల మెమో స్కాన్, ఆధార్ కాపీ, చెల్లి డ్యాన్స్ వీడియోలు రెండు ఉన్నాయి. అన్నీ ఫోన్‌లోకి లాక్కున్నాడు. ఆ తర్వాతే రాయమన్నాను. ఎందుకంటే ఈ పద్ధతిలో పెన్‌డ్రైవ్‌లో అంతకుముందు ఉన్నవన్నీ పోతాయి. ‘పోతాయి’ అని యాప్ చెప్తుంది, మనం చదవం.

రాయడానికి పాతిక నిమిషాలు పట్టింది. ఫోన్‌లో ఛార్జింగ్ సగానికి పైనే ఉండాలి, మధ్యలో ఓటీజీ కదపకూడదు. రాశాక యాప్ సరిచూసుకుంటుంది కూడా. ఆ భాగం దాటేయకండి. చవక పెన్‌డ్రైవ్‌ల బండారం అక్కడే బయటపడుతుంది.

తర్వాత ల్యాప్‌టాప్‌కి పెన్‌డ్రైవ్ పెట్టి, పవర్ నొక్కగానే బూట్ మెనూ మీట కొట్టాలి. డెల్, లెనోవో, ఏసర్‌లలో ఎక్కువగా ఎఫ్12. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్9. ఆసుస్ ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి ఎస్కేప్. మోడల్‌ని బట్టి మారొచ్చు. ఒకసారి కాదు, లోగో వచ్చేదాకా టకటకా కొడుతూనే ఉండాలి.

మూడోసారికి మెనూ దొరికింది. లిస్టులో పెన్‌డ్రైవ్ పేరు, దాని పక్కన యూఈఎఫ్ఐ అని ఉంది. ఎంటర్. ఒక నిమిషం నల్ల తెర. తర్వాత మింట్ డెస్క్‌టాప్.

"వచ్చిందన్నయ్యా!" అని అరిచాడు. ఆ అరుపుకి మా ఇంట్లో కూడా లేచారు.

ఆ ఐకాన్ ముట్టుకోకు

ఇక్కడే అసలు ప్రమాదం. పెన్‌డ్రైవ్ నుంచి నడిచే ఈ లైనక్స్‌ని లైవ్ సెషన్ అంటారు. ఇది ర్యామ్‌లో నడుస్తుంది. మీరు చెప్పనంతవరకు ల్యాప్‌టాప్ డిస్క్‌లో ఏదీ మార్చదు. కానీ డెస్క్‌టాప్ మీద ‘ఇన్‌స్టాల్’ అని ఒక ఐకాన్ ఉంటుంది. ఫైల్స్ కోసం వచ్చినవాళ్లు దాన్ని నొక్కి, ఆపైన వరసగా ‘నెక్స్ట్’ కొట్టుకుంటూ పోతే, ‘డిస్క్ మొత్తం చెరిపి ఇన్‌స్టాల్ చెయ్యి’ అన్న దగ్గర కూడా ‘నెక్స్ట్’ కొట్టేస్తారు. షాపువాళ్లు చెయ్యబోయిన పనిని మనమే ఉచితంగా చేసుకున్నట్టవుతుంది.

"ఇన్‌స్టాల్ ఐకాన్ ముట్టుకోకు. ఫైల్స్ ఫోల్డర్ తెరువు. ఎడమవైపు పెద్ద డిస్క్ కనిపిస్తోందా?"

"కనిపిస్తోంది. కానీ తాళం బొమ్మ ఉంది. నొక్కితే కీ అడుగుతోంది."

నేను భయపడింది దీనికే. ఈమధ్య వస్తున్న చాలా ల్యాప్‌టాప్‌లలో విండోస్ డిస్క్‌ని ఎన్‌క్రిప్ట్ చేసి ఉంచుతుంది. బిట్‌లాకర్ పేరు వినే ఉంటారు. ల్యాప్‌టాప్ దొంగతనం జరిగితే డేటా బయటపడకుండా ఇది మంచిదే. కానీ ఇలాంటి రాత్రి ఆ తాళం మనకీ తాళమే. తెరవాలంటే 48 అంకెల రికవరీ కీ కావాలి.

"ల్యాప్‌టాప్ కొన్నప్పుడు మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో లాగిన్ అయ్యావా?"

"అయ్యాననుకుంటా. ఏ మెయిలో గుర్తులేదు."

రెండు మెయిళ్లు, మూడు పాస్‌వర్డ్‌లు, నాలుగు ఓటీపీల తర్వాత అకౌంట్ తెరుచుకుంది. అందులో డివైజ్‌ల కింద రికవరీ కీ ఉంది. ఆ 48 అంకెలు వాడు చదువుకుంటూ కొడుతుంటే నేను ఇటు ఊపిరి బిగబట్టి కూర్చున్నా. తాళం ఊడింది. ఫోల్డర్లు కనిపించాయి. ప్రాజెక్ట్ ఉంది.

ఇప్పుడు దాన్ని ఎక్కడికి కాపీ చెయ్యాలి? పెన్‌డ్రైవ్‌లో లైనక్స్ నడుస్తోంది, దాన్ని కదపకూడదు. మళ్లీ ఫోనే. ఫోన్‌ని కేబుల్‌తో ల్యాప్‌టాప్‌కి కలిపి ‘ఫైల్ ట్రాన్స్‌ఫర్’ అని పెడితే మింట్‌లో ఫోన్ ఫోల్డర్‌లా కనిపిస్తుంది. వాడు ప్రాజెక్ట్ ఫోల్డర్ పట్టుకుని అలాగే అందులోకి లాగాడు. గంటన్నర అని చూపించింది. లోపల చూస్తే నోడ్ మాడ్యూల్స్ ఫోల్డర్‌లో వేలకొద్దీ బుల్లి ఫైల్స్. అవి మళ్లీ డౌన్‌లోడ్ చేసుకోవచ్చు కదా! దాన్ని వదిలేసి మిగతా వాటిని జిప్ చేస్తే 180 ఎంబీ అయ్యింది. అర నిమిషంలో ఫోన్‌లోకి వచ్చేసింది. అక్కడి నుంచి డ్రైవ్‌లోకి ఒకటి, టీమ్ గ్రూప్‌లోకి ఒకటి పంపించాకే నేను ఫోన్ పెట్టేశాను. అప్పటికి రెండు నలభై.

డిస్క్ 1, డిస్క్ 2

ఆదివారం మధ్యాహ్నం రూమ్‌మేట్ వచ్చాడు. అతని ల్యాప్‌టాప్‌లో విండోస్ పెన్‌డ్రైవ్ తయారు చేసి, మావాడి ల్యాప్‌టాప్‌లో మళ్లీ విండోస్ ఎక్కించడం మిగిలిన పని. లైనక్స్ రాసిన పెన్‌డ్రైవ్‌ని పెట్టగానే విండోస్ ‘ఈ డిస్క్‌ని ఫార్మాట్ చెయ్యాలి’ అంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ కాస్తా కొన్ని ఎంబీలే చూపిస్తోంది. "చెప్పానా, పాడైంది" అన్నాడు మావాడు. పాడవలేదు. లైనక్స్ పెట్టిన బోర్డు వేరు, విండోస్ చదవగలిగే ఇళ్లు వేరు. పాత బోర్డు పీకేసి కొత్తది రాస్తే పెన్‌డ్రైవ్ మామూలైపోతుంది.

దానికి విండోస్‌లోనే డిస్క్‌పార్ట్ అనే కమాండ్ ఉంది. అది వాడమని చెప్పేముందు నా కథ ఒకటి చెప్పాలి. ఇప్పటిదాకా మా ఇంట్లో కూడా పూర్తిగా చెప్పలేదు.

నేను బీటెక్ మూడో ఏడాదిలో ఉండగా ఇలాగే బూట్ పెన్‌డ్రైవ్ చేస్తున్నా. ల్యాప్‌టాప్‌కి అక్క పెళ్లి ఫొటోలు, వీడియోలు ఉన్న 1 టీబీ హార్డ్‌డిస్క్ కూడా పెట్టి ఉంది. పాటలు వింటున్నా దాంట్లోంచి. డిస్క్‌పార్ట్ తెరిచాను. ఎప్పుడూ పెన్‌డ్రైవ్ డిస్క్ 1గా వస్తుంది కాబట్టి, లిస్టు కూడా సరిగ్గా చూడకుండా ‘సెలెక్ట్ డిస్క్ 1’ కొట్టాను. తర్వాత ‘క్లీన్’. ఆ రోజు డిస్క్ 1 అంటే హార్డ్‌డిస్క్. పెన్‌డ్రైవ్ డిస్క్ 2.

డిస్క్‌పార్ట్ ‘నిజంగానా?’ అని అడగదు. క్లీన్ అంటే క్లీన్ చేసేస్తుంది. పార్టిషన్ పెట్టి ఫ్యాట్32గా ఫార్మాట్ చెయ్యమంటే ‘సైజు మరీ ఎక్కువ’ అని ఎర్రర్ వచ్చింది. 16 జీబీ పెన్‌డ్రైవ్‌కి సైజు ఎక్కువవడమేంటని అక్కడైనా ఆగాలి. ఆగలేదు. ‘ఫ్యాట్ కాకపోతే ఎన్‌టీఎఫ్‌ఎస్’ అనుకుని ఫార్మాట్ కొట్టి, విండోస్ ఫైల్స్ 4 జీబీల దాకా అందులోకి కాపీ చేసేశాను. పాట ఆగిపోయి చాలాసేపైందని అప్పుడు గమనించాను.

క్లీన్ కొట్టినప్పుడు పోయింది బోర్డు మాత్రమే. ఇళ్లు అలాగే ఉన్నాయి. అక్కడ ఆగి ఉంటే టెస్ట్‌డిస్క్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో పాత పార్టిషన్‌ని వెతికి, దాదాపు అన్నీ పేర్లతో సహా తెచ్చుకునేవాణ్ని. కొత్తగా ఫార్మాట్ చేసి, 4 జీబీలు రాసి, కొన్ని ఇళ్లని నేనే కూల్చాను. ఓ సీనియర్ ఫొటోరెక్ అనే ఇంకో సాఫ్ట్‌వేర్ నడిపించాడు. అది బోర్డుతో పని లేకుండా ఫొటో ఎలా మొదలవుతుంది, వీడియో ఎలా మొదలవుతుంది అన్న గుర్తుల్ని బట్టి డిస్క్ అంతా గాలిస్తుంది. రాత్రంతా తిరిగింది. ఫొటోలు చాలావరకు వచ్చాయి, పేర్లూ ఫోల్డర్లూ లేకుండా, ఒకే కుప్పగా. వీడియోలలో కొన్ని తెరుచుకోలేదు. అలా తెరుచుకోని వాటిలో అమ్మమ్మ అక్షింతలు వేసి అక్కతో ఏదో చెప్పి నవ్వుతున్న వీడియో ఒకటి. అమ్మమ్మ ఆ తర్వాతి ఏడాది పోయింది. ఆ వీడియో కోసం అక్క ఒకటి రెండుసార్లు అడిగింది. "ఎక్కడో ఉందక్కా, వెతుకుతా" అన్నాను.

అందుకే ఆదివారం మావాడితో ప్రతి అడుగూ గట్టిగా చదివించాను.

"పెన్‌డ్రైవ్ తప్ప మిగతావన్నీ పీకేశారా? ‘లిస్ట్ డిస్క్’ కొట్టు. సైజులు చదువు."

"డిస్క్ 0, 476 జీబీ. డిస్క్ 1, 28 జీబీ."

"మనది 32 కదా, 28 ఎందుకుంది?"

"తెలీదు."

"కంపెనీ లెక్కలో జీబీ అంటే వంద కోట్ల బైట్లు. విండోస్ లెక్కలో 1024 ముమ్మారు గుణిస్తే వచ్చేది. అందుకే 32 అన్నది 28, 29 అవుతుంది. 1 టీబీ అన్నది 931 అవుతుంది. ఆ అంకెలు గుర్తుపెట్టుకో."

ఆ తర్వాత వరసగా కొట్టించినవి ఇవి. ఇంగ్లీషు అక్షరాల్లో ఇలాగే టైప్ చెయ్యాలి. ‘సెలెక్ట్ డిస్క్ 1’. మళ్లీ ‘లిస్ట్ డిస్క్’, చుక్క గుర్తు 28 జీబీ పక్కనే ఉందో లేదో చూడటానికి. ఈ అడుగు పుస్తకాల్లో ఉండదు, నేను కలిపింది. తర్వాత ‘క్లీన్’. ‘క్రియేట్ పార్టిషన్ ప్రైమరీ’. ‘ఫార్మాట్ ఎఫ్ఎస్ ఈక్వల్స్ ఫ్యాట్32 క్విక్’. ఇక్కడ ఈక్వల్స్ అంటే ఖాళీ వదలకుండా సమానం గుర్తు. పాత బయోస్ మెషీన్ కోసమైతే ‘యాక్టివ్’ కూడా. చివర్లో ‘అసైన్’, ‘ఎగ్జిట్’.

పెన్‌డ్రైవ్ 64 జీబీ అయితే ఫ్యాట్32 దగ్గర నాకొచ్చిన ‘సైజు ఎక్కువ’ ఎర్రరే రావొచ్చు. విండోస్ చాలాకాలంగా 32 జీబీ దాటిన పార్టిషన్‌ని ఫ్యాట్32గా ఫార్మాట్ చేసేది కాదు. అప్పుడు పార్టిషన్ పెట్టేటప్పుడే సైజు 30000 ఎంబీ అని చెప్తే సరిపోతుంది. మిగతా జాగా ఖాళీగా ఉన్నా నష్టం లేదు.

ఇలా తయారైన ఫ్యాట్32 పార్టిషన్‌లోకి ఐఎస్ఓ ఫైల్‌ని కాదు, దాన్ని తెరిచి లోపలి ఫోల్డర్లన్నీ కాపీ చేస్తే యూఈఎఫ్ఐకి కావాల్సిన ‘ఈఎఫ్ఐ’ ఫోల్డర్ పైనే ఉంటుంది, బూట్ అవుతుంది. కాబట్టి ‘కాపీ’ అన్న మాట పూర్తిగా తప్పేం కాదు, ఏది కాపీ చేశాం అన్నదే తేడా. కాకపోతే ఒక ముడి ఉంది. ఫ్యాట్32లో ఒక్క ఫైల్ 4 జీబీ దాటకూడదు. ఇప్పటి విండోస్ ఐఎస్ఓలో ‘ఇన్‌స్టాల్.విమ్’ అనే ఫైల్ ఒక్కటే దాటేస్తోంది. దాన్ని విండోస్‌లోనే ఉన్న డిస్మ్ కమాండ్‌తో ముక్కలు చెయ్యొచ్చు. అంత ఓపిక లేకపోతే మైక్రోసాఫ్ట్ వాళ్ల మీడియా క్రియేషన్ టూల్ వాడండి, అన్నీ అదే చూసుకుంటుంది. రూఫస్ ఇంకో ఉపాయం చేస్తుంది. పెద్ద ఎన్‌టీఎఫ్‌ఎస్ పార్టిషన్ పక్కన చిటికెడు ఫ్యాట్ పార్టిషన్ పెట్టి, యూఈఎఫ్ఐని దాని ద్వారా లోపలికి తీసుకెళ్తుంది. ఏది వాడినా చివర్లో ‘ఏ డ్రైవ్‌ని చెరపాలి’ అని మీరే ఎంచుకోవాలి. ఆ పని మాత్రం ఏ టూలూ మీ బదులు చెయ్యదు.

మేం మీడియా క్రియేషన్ టూల్‌తోనే కానిచ్చాం. ఇన్‌స్టాల్ తెరలో మావాడి డిస్క్ పార్టిషన్లన్నీ వరసగా కనిపించాయి. 100 ఎంబీల చిన్న పార్టిషన్ చూపించి "ఇదేంటన్నయ్యా, ఇంత చిన్నది?" అన్నాడు. రాత్రి చెప్పిన ఫ్యాట్ పార్టిషన్ అదే. హార్డ్‌డిస్క్‌కైనా, పెన్‌డ్రైవ్‌కైనా వాచ్‌మన్ తట్టే తలుపు అలాంటిదే.

మీ సంగతి

ఇదంతా మావాడి గొడవ, మనకెందుకు అనుకోకండి. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కి మామూలు సపోర్ట్ అయిపోయింది. మీ ఇంట్లో, మీ నాన్నగారి షాపులో పాత ల్యాప్‌టాప్ ఉంటే అది విండోస్ 11 అడిగే టీపీఎం 2.0, కొత్త తరం ప్రాసెసర్ లేక ఆగిపోయి ఉండొచ్చు. దాన్ని పాత సామాన్లవాడికి వేసేముందు ఒక పెన్‌డ్రైవ్‌తో మింట్ లైవ్ సెషన్ నడిపి చూడండి. వైఫై, సౌండ్, కీబోర్డ్ పనిచేస్తున్నాయో లేదో ఏదీ చెరపకుండానే తెలిసిపోతుంది.

ఈ వారం ఒక గంట పెట్టి మూడు పనులు చేసుకోండి. ల్యాప్‌టాప్ బాగున్నప్పుడే ఒక బూట్ పెన్‌డ్రైవ్ తయారు చేసి, దానికి ప్లాస్టర్ ముక్క అంటించి పేరు రాసి పక్కన పెట్టండి. మీ మైక్రోసాఫ్ట్ అకౌంట్ తెరిచి 48 అంకెల కీ ఉందో లేదో చూసి, కాగితం మీద రాసుకోండి. మూడోది, ఎక్కడైనా ‘ఎరేజ్’, ‘క్లీన్’, ‘ఫార్మాట్’ అన్న మాట కనిపిస్తే చెయ్యి మౌస్ మీద నుంచి తీసి, డిస్క్ సైజు ఒకసారి పైకి చదవండి.

సోమవారం సాయంత్రం మావాడి దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. రివ్యూ అయిపోయిందట, గైడ్ రెండు మార్పులు చెప్పారట. కింద గిట్‌హబ్ లింక్. నాలుగు నెలల కోడ్‌కి అదే మొదటి కమిట్.

ఈ కాలమ్ రాయడానికి కూర్చునేముందు అక్కకి ఫోన్ చేసి ఆ వీడియో సంగతి చెప్పేశాను. కాసేపు ఏమీ మాట్లాడలేదు. తర్వాత "ఆ రోజు అమ్మమ్మ నాతో ఏమందో నాకు గుర్తుందిలేరా" అంది.